మాలలో ఉన్నన్నాళ్లూ ముట్టనివాడు, తీయగానే మళ్లీ ఎందుకు తాగుతాడు?

మీరు మూడు సంగతులు అడిగారు. మీ అన్నయ్య బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. పదిహేనేళ్ల తాగుడు, ఈమధ్య రోజుకో హాఫ్ దాకా వచ్చింది. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన నాలుగో రోజుకే మళ్లీ మొదలుపెట్టాడు. "అన్నాళ్లు ఉండగలిగినవాడికి జబ్బేంటి, పొగరు కాకపోతే" అని మీ అమ్మగారు, "డాక్టరే మెదడు జబ్బు అన్నాడు కదా" అని మీరు. ఇది మొదటిది. మీ నాన్నగారు కూడా తాగేవారు కాబట్టి మీకూ అంటుకుంటుందా అన్నది రెండోది. మీ వదిన ఆన్‌లైన్‌లో ఏదో పొడి తెప్పించి ఆయనకు తెలియకుండా కూరలో కలుపుతోంది, పర్వాలేదా అన్నది మూడోది.

మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఈ పూటే ఆపించండి. ఎందుకో తర్వాత చెప్తాను.

నేను సైకియాట్రిస్టుని. హైదరాబాద్‌లోనే ప్రభుత్వ వార్డులో చాలా ఏళ్లు, తర్వాత సొంత క్లినిక్‌లో ఎక్కువగా తాగుడు కేసులే చూశాను. కార్తీకంలో నల్లబట్టలు కనపడటం మొదలవగానే మా దగ్గర ఈ కేసులు పలచబడతాయి, సంక్రాంతి దాటాక మళ్లీ నిండుతాయి. మీ అన్నయ్యలాంటివాళ్లు మీరనుకున్నదానికన్నా చాలా ఎక్కువమంది ఉన్నారు.

మీ ఇంట్లో వాదనలో చిక్కు ఎక్కడుందంటే, మానడాన్నీ, మానాక మళ్లీ ముట్టకుండా ఉండటాన్నీ ఒకే పని అనుకుంటున్నారు. మెదడులో అవి రెండూ వేరువేరు చోట్ల జరిగే పనులు. మొదటిది వారం పది రోజుల వ్యవహారం. రెండోది నెలలు, కొందరికి ఏళ్లు. మాల మొదటిదాన్ని దాటించింది. జబ్బు ఎక్కువభాగం రెండోదాంట్లో ఉంది.

మొదటి పని నుంచి చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్, 375 మిల్లీలీటర్ల హాఫ్‌లో సుమారు 127 గ్రాములు. మామూలు మనిషి కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. తాగి తాగి అలవాటైన కాలేయం ఇంకాస్త వేగం నేర్చుకుంటుందిగానీ, రోజుకో హాఫ్ వేసేవాడి రక్తంలో మందు పూర్తిగా లేని గంటలు చాలా కొద్ది. మెదడు ఏళ్ల తరబడి ఆ ద్రవంలోనే నానుతూ పనిచేస్తోందన్నమాట.

మెదడు కణాల్లో కొన్ని రసాయనాలు రేపుతాయి, కొన్ని అణుస్తాయి. అణిచేవాటిలో ముఖ్యమైనది గాబా, రేపేవాటిలో గ్లుటమేట్. మందు గాబా పనిని పెంచుతుంది, గ్లుటమేట్ వచ్చి వాలే ఎన్‌ఎండీఏ అనే రిసెప్టర్లను మూస్తుంది. రెండో పెగ్గుకి టెన్షన్ దిగిపోవడం, నాలుగోదానికి నాలుక మడతపడటం, "రాత్రి నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు" అని మర్నాడు నిజంగానే గుర్తులేకపోవడం అన్నీ ఈ రెండు పనుల ఫలితమే. ఆ చివరిది బుకాయింపు అని ఇళ్లలో గొడవలవుతుంటాయి. చాలాసార్లు అది బుకాయింపు కాదు. జ్ఞాపకం రాసుకోవడానికి ఆ ఎన్‌ఎండీఏ రిసెప్టర్లే కావాలి. అవి మూసుకున్నాక మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, కొట్లాడతాడు, కానీ ఏదీ లోపల నమోదు కాదు.

ఇది రోజూ జరుగుతుంటే మెదడు ఊరుకోదు. గాబా మాట వినే రిసెప్టర్లను మందకొడిగా చేసుకుంటుంది, గ్లుటమేట్ రిసెప్టర్లను పెంచుకుంటుంది. బ్రేకు పట్టేసిన స్కూటర్ నడపాల్సి వచ్చినప్పుడు మన చెయ్యి తనంతట తానే ఎక్సలేటర్ ఇంకాస్త తిప్పుతుంది చూడండి, అలాంటిదే. బండి మామూలుగానే పోతున్నట్టు కనపడుతుంది. అందుకే పాత తాగుబోతు హాఫ్ వేసి కూడా స్టడీగా నడిచి ఇంటికొస్తాడు. ఇప్పుడు ఎవరో వచ్చి ఆ బ్రేకు పట్టు ఒక్కసారి వదిలించారనుకోండి, తిప్పిన ఎక్సలేటర్ తిప్పినట్టే ఉంటుంది కదా. మందు ఆపిన మొదటి మూడు నాలుగు రోజులూ మెదడులో జరిగేది అదే.

చివరి పెగ్గు తర్వాత ఆరేడు గంటలకే వణుకు మొదలవుతుంది. మీ అన్నయ్య పొద్దున వర్క్‌షాపులో కొలతలు తీసే వెర్నియర్ పట్టుకుంటే దాని దవడలు చేస్తున్న ముక్క మీద టకటకా కొట్టుకుంటూ ఉండుంటాయి, స్కేలు మీద గీత నిలవదు. పదింటికి వైన్స్ షట్టర్ లేచాక ఓ నైంటీ పడితే పావుగంటలో చెయ్యి నిలబడుతుంది, కొలత సరిగ్గా వస్తుంది. "తాగితేనే వాడికి పని చేతనవుతుంది" అని తోటివాళ్లు నవ్వుతారు. మందు అక్కడ చేసింది తాను పెట్టిన వణుకును తానే తీయడం. ఆ నైంటీలో సుఖం ఏమీ లేదు. పొద్దున్నే తాగేవాణ్ని నేను సరదాకి తాగేవాడి కింద లెక్కవేయను.

వణుకు దాటి ముదిరితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చలిస్తుంది. దీన్ని ఇంగ్లీషులో డెలీరియం ట్రెమెన్స్ అంటారు, మేం డీటీ అనేస్తాం. ఇది ఎక్కువగా బయటపడేది మా వార్డులో కాదు, ఎముకల వార్డులో. యాక్సిడెంట్‌లో కాలు విరిగి ఒక ఆటో డ్రైవర్ చేరాడు. తాగుడు సంగతి ఎవరూ అడగలేదు, ఇంటివాళ్లు పరువుకని చెప్పలేదు. మూడో రాత్రి నన్ను పిలిచారు. కాలు ట్రాక్షన్‌లో వేలాడుతోంది, ఒళ్లంతా చెమట. కుడిచేయి గాల్లో పిడికిలి బిగించి ఎక్సలేటర్ తిప్పుతోంది, ఎడమచేయి దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరి కింద పడేస్తోంది. మధ్యమధ్యలో పక్క బెడ్ మనిషిని "ఎక్కడికి, దిల్‌సుఖ్‌నగరా?" అని అడుగుతున్నాడు. వాళ్లమ్మ అప్పటికే నిమ్మకాయలు, తాయెత్తు తెప్పించి దిండు కింద పెట్టింది. గాలి సోకిందని ఆవిడ నమ్మకం. అది గాలి కాదు, మూడు రోజులుగా బ్రేకు లేని మెదడు. వైద్యం అందకపోతే ఈ దశలో ప్రాణం పోతుంది. సమయానికి గుర్తిస్తే లోరజెపాం ఇంజెక్షన్లతో, బీ1 విటమిన్‌తో, సెలైన్లతో నాలుగైదు రోజుల్లో మామూలు మనిషవుతాడు. ఇంట్లో తాగేవాళ్లు ఎవరైనా ఆపరేషన్‌కి చేరితే, ఎంత తాగుతారో అనెస్థీషియా డాక్టర్‌కి సిగ్గుపడకుండా చెప్పండి. పరువు కంటే అది ముఖ్యం.

ఇదంతా ఒక్కడి సంగతిలా కాకుండా ఊరంతటి సంగతిగా 2020 మార్చి చివర్లో కనపడింది. లాక్‌డౌన్‌తో వైన్‌షాపులు, కల్లు కాంపౌండ్లు ఒకేసారి మూతపడ్డాయి. కొద్ది రోజులకే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఫిట్స్‌తో, వణుకుతో, మతి తప్పిన మాటలతో జనం పోటెత్తారు. వాళ్లలో కల్లు తాగేవాళ్లు కూడా చాలామంది. కల్లంటే బలహీనమైన మందు కదా, అంత విత్‌డ్రాయల్, అంటే ఆపితే వచ్చే బాధ, ఏంటని బయటివాళ్లకు అనుమానం రావచ్చు. చెట్టు నుంచి దిగిన నిఖార్సైన కల్లు బీరుపాటి మత్తే. కాంపౌండ్లలో దొరికే దాంట్లో చాలాచోట్ల ఆల్‌ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమత్తు మందులు కలుపుతారన్నది తెలంగాణలో ఎక్సైజ్ వాళ్లు మళ్లీ మళ్లీ పట్టుకుంటున్న సంగతి. ఆల్‌ప్రజోలం, డయాజిపాం కూడా పట్టుకునేది ఆ గాబా రిసెప్టర్‌నే. కాబట్టి కల్లు మానేసి విస్కీకి, విస్కీ మానేసి నిద్రమాత్రలకు మారడం మెదడు దృష్టిలో మానడం కిందికి రాదు.

ఇప్పుడు మీ అన్నయ్య మాల వేసుకున్న మొదటి వారం గుర్తు తెచ్చుకోండి. తెల్లవారుజామున చన్నీళ్లకు వణికాడనుకున్నారేమో, ఏకభుక్తం వల్ల నీరసం అనుకున్నారేమో, రాత్రి కింద చాప మీద నిద్ర పట్టలేదనుకున్నారేమో. అందులో సగమైనా విత్‌డ్రాయలే అయ్యుంటుంది. ఫిట్స్ రాకుండా దాటిపోవడం ఆయన అదృష్టం. దీక్షకి ముందు కొన్నాళ్లు తగ్గించుకుంటూ వచ్చాడేమో కనుక్కోండి, చాలామంది అలా చేస్తారు. రోజూ తాగేవాడు ఉన్నపళంగా ఆపి మాల వేసుకోవడం నేనైతే ఒప్పుకోను. భక్తికి అడ్డం చెప్పడం కాదు, డాక్టర్ దగ్గర ఓ వారం మాత్రల కోర్సు చేసుకుని వేసుకోమంటాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఆపడం, మళ్లీ తాగడం, మళ్లీ ఆపడం ఎన్నిసార్లు జరిగితే తర్వాతి విత్‌డ్రాయల్ అంత గట్టిగా ఉంటుంది. మొదటి ఏడాది వణుకుతో పోయినవాడికి నాలుగో ఏడాది ఫిట్స్ రావచ్చు. ప్రతి ఏడూ మాలకి ఆపి, తీశాక మొదలుపెట్టేవాళ్ల విషయంలో నాకుండే భయం ఇదే.

సరే, వణుకు దాటింది, 41 రోజులు గడిచాయి. గాబా, గ్లుటమేట్ చాలావరకు సర్దుకున్నాయి. అయినా నాలుగో రోజున సీసా ఎందుకు?

1954లో కెనడాలోని మాంట్రియల్‌లో ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు ఎలుకల మెదడులో సన్నటి తీగ పెట్టి, మీట నొక్కితే కొంచెం కరెంటు వెళ్లేలా ఏర్పాటు చేశారు. తీగ కొన్ని చోట్ల తగిలినప్పుడు ఎలుక మిగతావన్నీ వదిలేసి ఆ మీటనే నొక్కుతూ కూర్చుంది, గంటకు వందలు, వేలసార్లు. తర్వాతి పరిశోధనల్లో ఈ దారికి ముఖ్యమైన రసాయనం డోపమిన్ అని తేలింది. మధ్యమెదడులో బయల్దేరి న్యూక్లియస్ అకంబెన్స్ అనే చిన్న ముద్ద దాకా వెళ్లే దారి అది. తిండి, శృంగారం, పదిమందిలో మెప్పు అన్నీ ఈ దారిని తడతాయి. మందు కూడా తడుతుంది, ఒంట్లోనే తయారయ్యే నల్లమందు లాంటి రసాయనాలను, అంటే ఎండార్ఫిన్లను, విడుదల చేయించి మరీ.

డోపమిన్ అంటే ఆనందం అని వాట్సాప్‌లో తిరిగేది సగమే నిజం. వోల్ఫ్‌రామ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతులతో చేసిన ప్రయోగాల్లో, మొదట్లో పళ్లరసం నోట్లో పడ్డప్పుడు డోపమిన్ కణాలు చెలరేగాయి. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతికి అలవాటయ్యాక, రసం పడ్డప్పుడు కణాలు పెద్దగా స్పందించలేదు, దీపం వెలిగినప్పుడే చెలరేగాయి. దీపం వెలిగి రసం రాకపోతే కణాల చప్పుడు మామూలు కన్నా కిందికి పడిపోయింది. అంటే ఈ దారి అసలు పని రుచి చూపించడం కాదు, "ఇదిగో వస్తోంది, పద" అని తోయడం. మిషిగన్‌లో కెంట్ బెరిడ్జ్ చూపించింది కూడా ఇదే: ఒక వస్తువు నచ్చడం, అది కావాలని లాగడం మెదడులో వేరువేరు ఏర్పాట్లు. వ్యసనంలో నచ్చడం తగ్గుతూ పోతుంది, లాగడం పెరుగుతూ పోతుంది. "నాకిప్పుడు మందు రుచి కూడా అసహ్యమే సార్, అయినా కాళ్లు అటే పోతాయి" అని మా దగ్గర ఏడ్చినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

మీ అన్నయ్య విషయంలో ఆ దీపం ఏదో మీరే చెప్పగలరు. సాయంత్రం షిఫ్టు దిగి చేతుల గ్రీజు కడుక్కునే సబ్బు వాసన కావచ్చు. గేటు దగ్గర ఆగే తోటి పనివాడి బండి కావచ్చు. జీతం పడిన మెసేజ్, మిర్చిబజ్జీల నూనె వాసన, వదినతో మాటామాటా పెరగడం. పదిహేనేళ్లలో ఇలాంటివి వందలు పోగుపడతాయి, ఒక్కొక్కటీ ఆ దారిని రేపగలదు.

మాల ఏం చేసిందో ఇప్పుడు చూడండి. బట్టల రంగు మార్చింది, కాలికి చెప్పులు తీయించింది, తెల్లవారుజామున లేపింది, సాయంత్రం వైన్స్ వేళకి పీఠం దగ్గర భజనలో కూర్చోబెట్టింది. నిన్నటిదాకా "రారా దావత్‌కి" అన్నవాడే "స్వామీ" అని దండం పెట్టాడు, ఆయన ముందు సీసా తీయడానికి సిగ్గుపడ్డాడు. పాత దీపాలు దాదాపు అన్నీ ఆరిపోయాయి. పైగా "వద్దు" అని ప్రతి సాయంత్రం తనకు తాను చెప్పుకునే అవసరమే రాలేదు. ఆ మాట వీధి మొత్తం ఆయన తరఫున చెప్పింది. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం చేయాల్సిన పని అది. ముందూ వెనకా ఆలోచించి తొందరను ఆపేది ఆ భాగమే, ఏళ్ల తాగుడు బాగా దెబ్బతీసేదీ దాన్నే. మాల తీసిన రోజు ఆ పని మళ్లీ ఆ దెబ్బతిన్న భాగం మీదే పడింది. అదే గేటు, అదే సబ్బు, అదే స్నేహితుడు. నాలుగు రోజులు ఆగాడంటే నాకు పొగరు కనపడటం లేదు, బాగానే పెనుగులాడాడు అనిపిస్తోంది.

దీనికి నమ్మకమైన సాక్ష్యం మళ్లీ ఎలుకల్లోనే ఉంది. మందు అలవాటు చేసిన ఎలుకలకు కొన్నాళ్లు ఆపేసి తిరిగి ఇస్తే, మునుపు తాగినదానికన్నా ఎక్కువ తాగుతాయి. 1960ల నుంచీ ఎన్నో ల్యాబుల్లో చూసిన విషయం. ఎలుకకు మొక్కు లేదు, మొండితనం లేదు, వదిన మీద కోపమూ లేదు.

ఇంకో పొర ఉంది, దీన్ని ఇంటివాళ్లు అస్సలు గమనించరు. ఏళ్ల తాగుడుకి మెదడులో అలజడి పుట్టించే వ్యవస్థ పెద్దదవుతుంది. భయాన్ని, ఆందోళనను చూసే అమిగ్డాలా అనే భాగం చుట్టూ సీఆర్‌ఎఫ్ అనే ఒత్తిడి రసాయనం ఎక్కువగా పనిచేస్తుంది. అమెరికాలో జార్జ్ కూబ్ దశాబ్దాలుగా దీని మీదే పనిచేశారు. వణుకు పోయాక కూడా ఇది నెలల తరబడి తగ్గదు. మనిషి మందు మానేశాడు, ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, ఆయన మాత్రం ఊరికే చిరాకు పడుతుంటాడు, సినిమా చూసినా పిల్లాడితో ఆడినా ఏదీ పట్టదు, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు. "తాగినప్పుడే నయం, కనీసం నవ్వేవాడు" అని ఇంట్లోవాళ్లే నోరు జారతారు. ఆ మాట దయచేసి ఎవరూ అనకండి. ఈ దశలో తాగేది మజా కోసం కాదు, ఈ అలజడి తీరడం కోసం. నిద్ర కోసమే మళ్లీ మొదలుపెట్టినవాళ్లు చాలామందిని చూశాను. మెడికల్ షాపులో ఆల్‌ప్రజోలం అడిగి తెచ్చి పెట్టకండి, పైన చెప్పినట్టు అది అదే రిసెప్టర్‌కి ఇంకో తాళంచెవి.

మెదడు కోలుకోదా అంటే కోలుకుంటుంది. మానేసిన కొన్ని వారాల నుంచి నెలల్లో కుంచించుకుపోయిన భాగాలు కొంత తిరిగి నిండుతాయని స్కాన్లలో కనపడుతుంది. కానీ దీపాల జ్ఞాపకం చెరిగిపోదు, కొత్త అలవాట్లు దాని మీద పేరుకుంటాయి, అంతే.

ఇక మీ సంగతి. తాగుడు వ్యసనంలో సుమారు సగం వంతు వారసత్వానిదని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఇంట్లో చూసి నేర్చుకోవడం వల్లేమో అన్న అనుమానం తీర్చడానికి 1973లో డెన్మార్క్‌లో పుట్టగానే దత్తత వెళ్లిన పిల్లల్ని పరిశీలించారు. కన్నవాళ్లలో తాగుడు జబ్బు ఉంటే, పరాయి ఇంట్లో పెరిగిన కొడుకులకు కూడా ఆ జబ్బు మిగతావాళ్లకన్నా దాదాపు నాలుగు రెట్లు వచ్చింది. అలాగని 'తాగుబోతు జీన్' అని ఒకటి లేదు. చాలా జీన్లు, ఒక్కొక్కటీ కొంచెం కొంచెం. గట్టిగా తెలిసినవి మందును కరిగించే ఎంజైములవి. చైనా, జపాన్, కొరియా వాళ్లలో చాలామందికి ఒక ఎంజైము మందకొడిగా పనిచేసి, ఒక్క గ్లాసుకే ముఖం ఎర్రబడి గుండె దడదడలాడుతుంది. అలాంటివాళ్లలో తాగుడు జబ్బు తక్కువ. మన దేశంలో ఆ రక్షణ ఉన్నవాళ్లు అరుదు.

మీరు కనిపెట్టుకోవాల్సిన లక్షణం దీనికి తలకిందులుగా ఉంటుంది. నలుగురూ ఊగుతుంటే మీరొక్కరే స్టడీగా ఉండి, స్నేహితుల్ని ఇళ్ల దగ్గర దింపి వస్తారనుకోండి. దావత్‌లో దాన్ని కెపాసిటీ అని మెచ్చుకుంటారు. మార్క్ షుకిట్ అనే పరిశోధకుడు తాగుబోతుల కొడుకుల్ని ఏళ్ల తరబడి వెంబడించి చూస్తే, యవ్వనంలో మందు తక్కువగా ఎక్కినవాళ్లకే తర్వాత జబ్బు ఎక్కువగా వచ్చింది. ఆపమని శరీరం ఇచ్చే సంకేతం వాళ్లకు ఆలస్యంగా అందుతుంది. నాన్నకుండి, మీకు కెపాసిటీ కూడా ఉంటే, మీకు సురక్షితమైన అంకె సున్నా అని నా అభిప్రాయం. అయితే భయపడి కూర్చోవద్దు. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో తాగేవాళ్లు దాదాపు 16 కోట్లు, వ్యసనం దాకా వెళ్లినవాళ్లు దాదాపు 2.9 కోట్లు. అంటే తాగేవాళ్లలో ఎక్కువమంది అక్కడిదాకా వెళ్లరు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: పదిహేనేళ్ల లోపు మొదలుపెట్టినవాళ్లకు, ఇరవై దాటి మొదలుపెట్టినవాళ్లకన్నా ముప్పు దాదాపు నాలుగు రెట్లు. పెళ్లిలో "మగపిల్లాడు, ఓ సిప్ వేయనీ" అనే మేనమామను అక్కడే ఆపండి.

పొడి దగ్గరికి వద్దాం. గోడల మీద, బస్సుల వెనక "తాగుడు మాన్పించబడును, తెలియకుండా ఇవ్వవచ్చు" అని కనపడేవాటిలో ఏముందో కొన్నవాళ్లకు తెలియదు. కొన్నిట్లో డైసల్ఫిరాం ఉండొచ్చు. 1940ల చివర డెన్మార్క్‌లో ఇద్దరు పరిశోధకులు ఈ ఔషధాన్ని కడుపులో పురుగులకు పనికొస్తుందేమో అని చూస్తూ తామే మింగారు, తర్వాత విందులో మద్యం తాగి జబ్బుపడ్డారు. అలా బయటపడింది. కాలేయం ఆల్కహాల్‌ని ముందు అసిటాల్డిహైడ్‌గా, తర్వాత అసిటేట్‌గా మారుస్తుంది. డైసల్ఫిరాం రెండో మెట్టును ఆపేస్తుంది. విషం లాంటి అసిటాల్డిహైడ్ రక్తంలో పోగుపడి ముఖం మండుతుంది, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. గుండె జబ్బు ఉన్నవాడైతే ప్రాణం మీదికి రావచ్చు. తెలిసి వేసుకున్నవాడు "తాగితే ఇలా అవుతుంది" అని ఆగుతాడు, ఆ మాత్ర పనిచేసేది ఆ భయంతోనే. తెలియనివాడు మామూలుగా హాఫ్ తెచ్చుకుని కూర్చుంటాడు. మీ వదిన బాధ నాకు అర్థమవుతుంది, ఆవిడను తిట్టకండి. ప్యాకెట్ మాత్రం దాచి డాక్టర్‌కి చూపించండి. డైసల్ఫిరాం ఆపాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుంది, కాబట్టి ఆయనకూ చెప్పక తప్పదు.

ఇప్పుడేం చేయాలి? మొదటి సంగతి, తాగుడు ఆపించే తొందరలో ఇంట్లో గదిలో పెట్టి తాళం వేయకండి. రోజుకో హాఫ్ తాగేవాణ్ని డాక్టర్ పర్యవేక్షణలోనే ఆపాలి. క్లోర్‌డయజిపాక్సైడ్ లాంటి మాత్రతో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో తీసేస్తారు, ఖాళీ అయిన బ్రేకు పని ఆ మాత్ర చేస్తుంది. నీరసంగా ఉన్నాడని వీధిలో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ పెట్టించకండి. తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్ కరగడానికి అదే కావాలి. ఉన్న కాస్తా అయిపోతే చూపు చెదిరి, నడక తూలి, మతి తప్పే వెర్నికీ జబ్బు వస్తుంది, కొందరికి కొత్త జ్ఞాపకాలు నిలిచే శక్తి శాశ్వతంగా పోతుంది. థయమిన్ ఇంజెక్షన్ ముందు, గ్లూకోజ్ తర్వాత. ఆర్‌ఎంపీకి ఇది చెప్పడానికి మొహమాటపడొద్దు.

వారం పది రోజుల తర్వాత మొదలయ్యేదే అసలు వైద్యం, మన దగ్గర ఎక్కువమంది వదిలేసేది కూడా అక్కడే. నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర, మందు విడుదల చేయించే ఎండార్ఫిన్లను రిసెప్టర్ దగ్గరే అడ్డుకుని ఆ లాగుడును తగ్గిస్తుంది. అకాంప్రోసేట్ గ్లుటమేట్ అలజడిని తగ్గిస్తుందని భావిస్తారు, నిద్రలేమి, చిరాకు ఎక్కువున్నవాళ్లకి నేను దీన్నే ముందు చూస్తాను. కాలేయం బాగా చెడితే బాక్లోఫెన్. ఏది ఇవ్వాలో కాలేయం, కిడ్నీ రిపోర్టులు చూసి డాక్టర్ నిర్ణయించాలి. కొన్ని నెలలైనా వాడాలి. మాత్రలతో పాటు సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆయన ఎక్కడుంటాడు, ఎవరితో ఉంటాడు అన్నది కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవాలి. వీలైతే కొన్నాళ్లు షిఫ్టు మార్పించండి, జీతం వదిన ఖాతాలో పడేలా చూడండి. నగరంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానేవాళ్లు ఒకరికొకరు తోడుగా పెట్టుకునే మీటింగులు జరుగుతాయి, డబ్బు తీసుకోరు. దేవుణ్ని నమ్మే మనిషి కాబట్టి గురుస్వామిని కూడా ఇందులోకి తీసుకురండి, భజన మాల తీశాక కూడా సాగించొచ్చు కదా. నేనిలా చెప్పిన కొందరికి అదే బాగా పనిచేసింది.

ఎర్రగడ్డ పేరు మన ఊళ్లో తిట్టుగా మారిపోయింది కాబట్టి అక్కడికి వెళ్లడానికి జంకుతారు. జంకాల్సిన పని లేదు, ఈ వైద్యం అక్కడ బాగా తెలిసినవాళ్లే చేస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం వల్ల వచ్చే ఈ స్థితిని కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కించింది, కాబట్టి వైద్యం అడగడం మీ హక్కు. ఫోన్‌లోనే మొదలుపెట్టాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, మత్తు వ్యసనాలకు ప్రత్యేకంగా 14446 ఉన్నాయి. ఖర్చు లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నడుంనొప్పికో, మోకాళ్లకో ఆయన వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి. ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి నొప్పిమాత్రలు వాడుతుంటే నాల్‌ట్రెక్సోన్ వెంటనే ఇవ్వకూడదు, పైగా ట్రమడాల్ ఫిట్స్ ముప్పును పెంచుతుంది. నాల్‌ట్రెక్సోన్ మొదలుపెట్టాక ఎప్పుడైనా ఒకరోజు తాగాడనుకోండి, డైసల్ఫిరాంలా దానికి ఒళ్లు ఎదురుతిరగదు, కాబట్టి మాత్ర ఆపకండి. మర్నాడు యథావిధిగా వేయండి. ఏ వేళ, ఎవరితో, దేని తర్వాత తాగాడో ఆయన చేతే రాయించి తర్వాతి విజిట్‌లో డాక్టర్‌కి చూపించండి.